పుట్టీ తలుపు మీది పట్టీ

సరుకు అమ్మడానికి ఓపిక కావాలి, కొట్టు కట్టెయ్యడానికి అంతకు రెట్టింపు కావాలి. పాత కార్ల బేరగాడికి ఈ సంగతి ఆ ఉదయం షెడ్డు షట్టరు ఎత్తుతుంటేనే తెలిసింది. అది సగంలో ఆగింది. అతనూ ఆగాడు. వెనక నుంచి భార్య వచ్చి ఒక చెయ్యి వేస్తే గానీ పైకి పోలేదు.

లోపల మిగిలింది ఒక్క కారు. ఏళ్లు మీద పడినా కంపెనీ రంగు చెక్కు చెదరలేదు. డ్రైవింగ్ స్కూలు మేడమ్ సాయంత్రం వచ్చి తీసుకెళతానంది. పక్కల మీద స్కూలు పేరు రాయించుకోవాలట. అందుకని తలుపుల పొడవునా అతికించి ఉన్న నల్ల రబ్బరు పట్టీలు తీసెయ్యాలి, రంగు మీద గీత పడకూడదు. ఈ కారు కదిలితే షెడ్డు తాళాలు యజమాని చేతిలో పెట్టి ఇంట్లో కాళ్లు చాపుకుంటాడు. రంగు లేచిందా, బేరం పోయినట్టే. ఇంకో వేసవంతా ఈ రేకుల కింద ఉడకాల్సిందే.

భార్య హెయిర్ డ్రయ్యర్ పట్టీ మీదికి తిప్పింది.

"మరీ దగ్గరగా పెట్టకు. చెయ్యి ఓర్చుకునేంత వేడి చాలు."

"పెళ్లయినప్పట్నుంచీ నేను ఓర్చుకుంటున్నంతా?"

"అంత వేడికి రేకు కూడా కరుగుతుందే."

కొస మెత్తబడ్డాక గోటితో లేపి, వెనక్కి చేపల గాలపు దారం దూర్చి, రెండు చేతులా రంపంలా ఇటూ అటూ లాగాడు. ఇనుము తగలనివ్వడు. స్క్రూడ్రైవరుతో పీకితే క్షణంలో పని, గీత మాత్రం కారున్నంత కాలం. మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలు చుట్టి, కిరోసిన్ గుడ్డతో తుడిచాడు. మూడు తలుపులు అద్దాల్లా వచ్చాయి. అతని నడుమే విల్లులా వంగిపోయింది.

నాలుగోది వెనక తలుపు. పట్టీ కొస లేపగానే దాని వెంట గోరంత రంగు పెచ్చూ లేచింది. దారం వదిలేసి వేలి కణుపుతో తలుపు మీద కొట్టాడు. పక్క తలుపు ఖంగుమంది, ఇది గుమ్మడికాయలా పలికింది. ఎవరో పెద్ద సొట్టను పుట్టీతో పూడ్చి పైన రంగు కొట్టించారు.

"కొన్నప్పుడు కొట్టి చూడలేదా?" అంది భార్య.

"మూడూ చూశా. అమ్మినవాడు ఈ వెనక మూలని గోడకి ఆనించి పెట్టాడు. చెయ్యి దూరలేదు."

"ఊరందరికీ టోపీ పెట్టే మనిషికి గోడ పెట్టిందన్నమాట!"

అతను పెచ్చును అదిమి, పట్టీ కొస దాని మీద నొక్కాడు. అతుక్కుంది. 'ఈ ఒక్కటీ ఉంటేనే అందం మేడమ్' అనడం అతనికి కొత్త కాదు. కానీ లెక్క వేసుకున్నాడు. అబద్ధం కొనుక్కున్న పశువు లాంటిది, ఆ తరవాత మేపాలి. వానలకు పుట్టీ ఉబ్బుతుంది, ఆవిడ ఇంటి మీదికొస్తుంది, వీధి వింటుండగా ఇంకో పది అబద్ధాలు ఆడాలి. అన్నిటికి సరిపడా ఓపిక తన దగ్గర నిల్వ లేదు.

సాయంత్రం మేడమ్ వచ్చి కారు చుట్టూ తిరిగింది. "బాబాయ్, ఇదొక్కటీ మర్చిపోయారే!"

"మర్చిపోలేదమ్మా. ఆ తలుపు నిండా పుట్టీ. పట్టీ లాగితే రంగు ఊడొస్తుంది. కొన్నప్పుడు నేనే మోసపోయా. వద్దనుకుంటే మీ ఇష్టం."

మేడమ్ తలుపు తట్టి చూసింది.

"మా దగ్గర నేర్చుకునే పిల్లలు గేటుకి గీకేది ఈ పక్కే. నెల తిరక్కుండా ఎలాగూ సొట్ట పడేదే. ఉండనివ్వండి, పేరు అవతలి పక్క రాయిస్తా." తరవాత శుభ్రమైన తలుపు మీద వేలు జార్చింది. "ఇంత నున్నగా ఎవరు తీస్తారు బాబాయ్ ఈ రోజుల్లో? మా దగ్గర ఇంకొన్ని బళ్లున్నాయి, వాటివీ తియ్యాలి."

"షెడ్డు ఖాళీ చేసేస్తున్నానమ్మా."

"మా ఆవరణలోనే చేద్దురుగాని."

వద్దని చెప్పమన్నట్టు భార్య వైపు చూశాడు. ఆవిడ డ్రయ్యర్ తీగ చుడుతూ, తల ఎత్తకుండానే, "ఎండెక్కక ముందైతే వస్తారు. నడుము నొప్పి, కుర్చీ వెయ్యాలి మరి," అంది.

పావలా దగ్గర కూడా పేచీ పెట్టే మనిషి, ఎంతకని గానీ ఎన్నాళ్లని గానీ అడగలేదు. బేరమాడాలంటే నిలబడాలి. తిరగేసిన బకెట్టు మీద కూర్చుని తల ఊపాడు.