బెర్నడెట్ కునుకు

సాయంత్రం సభకి భర్త లైల్ తొడుక్కోబోయే నీలం చొక్కా ఇస్త్రీ చేస్తుండగా తలుపు సందులోంచి ఓ ప్రచార కరపత్రం లోపల పడింది. కొరీన్ వంగి తీసి, అలాగే నిలబడిపోయింది. దాని మీద ఫొటోలో, తరగతి గదిలో బల్ల మీద తల వాల్చి, నోరు కాస్త తెరిచి నిద్రపోతున్న బెర్నడెట్. కింద పెద్ద పెద్ద అక్షరాలు: "మీ పిల్లల చదువు ఈవిడ చేతుల్లో పెడతారా?"

ఊళ్లో సర్కారు బడుల్ని నడిపే ఓక్‌లాండ్ స్కూలు బోర్డు ఎన్నికల్లో లైల్ మీద పోటీ చేస్తున్న బెర్నడెట్, ఏళ్ల తరబడి కొరీన్ పక్క గదిలోనే పాఠాలు చెబుతున్న మనిషి. సర్కారు సొమ్ముతో ప్రైవేటు వాళ్లు నడిపే చార్టర్ బడులు ఇంకా పెరిగితే తమ బడి మూతపడుతుందని ఆమె వాదన. తల్లిదండ్రులకి నచ్చిన బడి ఎంచుకునే హక్కుండాలని లైల్ వాదన. కొరీన్ ఏమనుకుంటోందో ఎవరూ అడగలేదు. "నీకెందుకే ఇవన్నీ? వాడు గెలిస్తే ఆ గొప్ప నీది కాదూ?" అనేసింది అత్తగారు. ఆ గొప్ప కోసమే కాబోలు, బడి నుంచి వచ్చి కార్యకర్తలకి వండి పెట్టడం, ఇంటింటికీ ఫోన్లు చెయ్యడం, వెబ్‌సైటు చూసుకోవడం అన్నీ కొరీనే. జీతం మాట దేవుడెరుగు, మెచ్చుకోలు కూడా ప్రచార సలహాదారుకే పోయేది.

"నీ దగ్గర బెర్నడెట్ ఫొటోలు ఏమున్నా మన సైటులో ఓ మూల పెట్టు" అన్నాడు లైల్ పోయిన నెల. "చార్టర్ల వైపు డబ్బున్నవాళ్లు నా తరఫున ప్రచారానికి వేరే కమిటీ పెట్టుకున్నారు. వాళ్లతో మనం మాట్లాడితే చట్టం ఒప్పుకోదు. మన సైటులో ఉన్నవి వాళ్లంతట వాళ్లు చూసి వాడుకుంటే ఎవరేం చేస్తారు?" పిండి అంటిన చేతులు తుడుచుకుని పెట్టేసింది. అప్పుడు అర్థం కాలేదని ఇప్పుడు తనకి తనే చెప్పుకోబోయింది. ఛీ, ఎందుకు అర్థం కాలేదూ! వాదించే ఓపిక లేక, ఇంట్లో మొహాలు మాడ్చుకోవడం ఎందుకని, అర్థం కానట్టు ఉండిపోయింది. ఆ కునుకు ఫొటో ఒక్కటి అందులోంచి తీసెయ్యడానికి ఎంతసేపు? తియ్యలేదు.

ఫోను మోగింది. బెర్నడెట్.

"చూశావుటే నా అందం? చొంగ ఒక్కటే తక్కువ!" నవ్వింది గానీ గొంతు బొంగురుపోయి ఉంది. "ఎందుకు నిద్రపోయానో చెప్పెయ్యమని మావాళ్లు ఒకటే గోల. ముందు రాత్రంతా ఆసుపత్రిలో మీ అమ్మ దగ్గర కూర్చున్నానని ఎలా చెప్తానే? ఆవిడ జబ్బు నలుగురిలో పెట్టి ఓట్లడుక్కోనా? చెప్పను గాక చెప్పను. నువ్వేం బెంగపెట్టుకోకు."

కొరీన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి తను లైల్ పిలిచిన అతిథులకి వడ్డిస్తోంది. మర్నాడు బడిలో కునుకు తీస్తున్న స్నేహితురాలిని చూసి, ప్రేమ పొంగుకొచ్చి ఫొటో తీసుకుంది.

"బెర్నీ, అదీ..." అంది.

"చొక్కా అయిందా?" గదిలోంచి లైల్ కేక.

"తర్వాత ఫోన్ చేస్తాలే" అని ఫోను పెట్టేసింది. పిరికిదాన్ని, అనుకుంది.

చొక్కాతో పాటు కరపత్రం కూడా అతని చేతిలో పెట్టింది.

"ఇది మనం వేసింది కాదుగా" అన్నాడు బొత్తాలు పెట్టుకుంటూ. "ఎవరు వేశారో నాకు తెలియదు, తెలుసుకోకూడదు కూడా. బుర్ర పాడుచేసుకోకు. ఇవాళ నన్ను పరిచయం చెయ్యాల్సింది నువ్వు. కాస్త నవ్వు మొహం పెట్టు."

అభ్యర్థులిద్దరూ మాట్లాడే సభ కావడంతో చర్చి హాలు నిండిపోయింది. చాలామంది చేతుల్లో ఆ కరపత్రమే. ముందు వరసలో బెర్నడెట్ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. సలహాదారు రాసిచ్చిన మాటలు కొరీన్‌కి కంఠతా వచ్చు. మైకు ముందుకి వస్తూ ఎవరి చేతిలోంచో ఓ కరపత్రం అందుకుని పైకెత్తింది.

"ఈ ఫొటో తీసింది నేను" అంది. "మా సైటులో పెట్టిందీ నేనే. ఎవరి చేతికి చిక్కుతుందో తెలిసే పెట్టాను. ముందు రాత్రంతా బెర్నడెట్ మా అమ్మ మంచం పక్కన మేలుకుని ఉంది. కూతురిగా నేను చెయ్యాల్సిన పని అది."

"కొరీన్!" లైల్ పళ్లు బిగించి అన్నాడు.

బెర్నడెట్ తల దించుకుంది, ఇటు చూడలేదు. చూడమని అడిగే మొహం కూడా తనకి లేదనుకుంది కొరీన్. కంఠతా వచ్చిన మాటలు వదిలేసి లైల్ వైపు తిరిగింది.

"ఇక మా ఆయన్ని పరిచయం చేస్తాను" అంది.