కిటికీ పక్క ప్లగ్గు

బడిలో పిల్లలు లేరు. బెంచీల మీద తడి దుప్పట్లు, గుమ్మం దాకా నీళ్లు. నీళ్ల వెలుగు పైకప్పు మీద పడి మెల్లగా ఊగుతుంటే గది మొత్తం ఎక్కడికో తేలిపోతున్నట్టుంది. వరద శిబిరం అంటే ఏడుపులూ కేకలూ అనుకుంటారు. ఆ మధ్యాహ్నం మాత్రం అందరూ కలలో ఉన్నట్టు నెమ్మదిగా మాట్లాడుకుంటున్నారు, నేను తప్ప.

నేను ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే నర్సుని. నోరు పెద్దదని పేరు. అయినా చిట్టి వాళ్లమ్మ దగ్గర నా నోరు పనిచెయ్యలేదు. చిట్టికి ఆరేళ్లు. మెడ దగ్గర పెట్టిన గొట్టంలోంచి మిషను ఊపిరి అందిస్తుంది. వాళ్లింట్లో కరెంటు పోయింది. బ్యాటరీ పొద్దుగూకేదాకా వస్తే గొప్ప. మేడ కింద పడవ ఆగి ఉంది. ఆ తల్లి మాత్రం దిగనంటోంది.

పోయిన వరదలో ఆఫీసువాళ్లు ‘రండి, అన్నీ ఉన్నాయి’ అన్నారట. తీరా శిబిరానికొస్తే ప్రతి ప్లగ్గుకీ ఫోన్లు వేలాడుతున్నాయట. మిషను పెట్టుకోనివ్వమని ఒక్కొక్కరినీ బతిమాలుకుందట. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పొద్దున్నుంచీ ఫోన్ మీద ఫోన్ చేశాను. జనరేటర్ ఉందన్నాను, డాక్టరు వస్తాడన్నాను, నా మీద ఒట్టన్నాను. అంతా విని ఆమె అంది:

"అందరూ ఇలాగే చెప్తారక్కా. మీ మీద కోపం కాదు. వట్టి మాట మీద పాపని పడవెక్కించలేను."

న్యాయమే. ఫోన్ పెట్టెయ్యకుండానే టీచర్ల గదిలోంచి టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి, కిటికీ పక్క ప్లగ్గులో పెట్టి స్విచ్చు వేశాను. ఫోన్ రెక్కల దగ్గర పట్టుకున్నాను.

"ఇది విను. ఇది నీ ప్లగ్గు. నువ్వొచ్చేదాకా ఫ్యాన్ ఆగదు, నేనిక్కణ్ణించి లేవను."

అవతల పాప మిషను ఊపిరి వచ్చి పోతోంది. ఇటు ఫ్యాను, అటు ఊపిరి, చాలాసేపు అవే. తర్వాత లైను తెగిపోయింది.

వస్తుందో రాదో తెలియదు. ప్లగ్గు పక్కన చతికిలబడి దాని మీద చెయ్యేసుకుని కూర్చున్నాను. జనం ఛార్జర్లు పట్టుకొచ్చి, నా మొహం చూసి వెనక్కి తగ్గారు. బడి పెద్దసారు మాత్రం తగ్గలేదు. ఈ చలిలో ఫ్యానెందుకమ్మా, నా ఫోన్ కాసేపు పెట్టుకోనీ అన్నాడు. నాకు ఉక్కపోస్తోందన్నాను, దుప్పటి నిండా కప్పుకుని. ఆయన ఛార్జరు చుట్టుకుని వెళ్లిపోయాడు.

పైకప్పు మీద వెలుగు పచ్చబడి, మసకేసింది. నాకు నిజంగా భయం వేసింది.

అప్పుడు పడవ గుమ్మం దగ్గరికే వచ్చింది. పడవవాడు చిట్టిని ఎత్తుకున్నాడు, తల్లి మిషనుని ఎత్తుకుంది. గొట్టం లాగుకుపోకుండా ఇద్దరూ అడుగులో అడుగేసుకుంటూ వచ్చారు. ఆమె నా మొహం చూడలేదు. ముందు ఫ్యాను చూసింది. దాని వైరు వెంట చూపు నా చేతి దాకా వచ్చింది.

ఫ్యాను తీసి మిషను పెట్టాం. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆగిపోతున్న రెక్కల్నే చిట్టి కళ్లార్పకుండా చూసింది.

ఆమె గోడకి చేరగిలబడింది.

"అక్కా, వాన మొదలైన కాణ్ణుంచీ కన్ను మూయలేదు. కాసేపు పడుకోనా?"

"పడుకో తల్లీ."

"చెయ్యి తియ్యకండేం."

తియ్యనన్నాను. ఈసారి వట్టి మాట మీదే నిద్రపోయింది.