జేబు లేని నీలం అంగీ

నాటక సమాజంలో అందరూ ఆమెను కత్తెరక్క అనే పిలిచేవాళ్ళు. ఏ పాత్రకు ఏ బట్ట కట్టాలన్నా ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. మెళ్ళో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. పడుకునేటప్పుడైనా తీస్తావా అక్కా అని డైరెక్టరు వేళాకోళం ఆడేవాడు.

ఆ ఏడు వాళ్ళు ఎత్తుకున్న నాటకం నగరం గురించే. ఒక పాత మేడ, అందులో అద్దెకుండే తలో దిక్కు మనుషులు. కొండల నుంచి దిగివచ్చిన గడియారాల మెకానిక్కు, సముద్రం దాటి వచ్చిన నర్సు, రేవుపేట పిల్ల. నోరు విప్పకముందే ఎవరెక్కడివాళ్ళో బట్టలే చెప్పాలన్నాడు డైరెక్టరు. దానికోసం కత్తెరక్క వారాల తరబడి వీధులు పట్టుకు తిరిగింది. బస్సులో ఎదురుగా కూర్చున్నవాళ్ళ కాలర్లనూ, అరిగిపోయిన మోచేతులనూ కళ్ళప్పగించి చూసి, వాళ్ళచేత ఏంటమ్మా అలా చూస్తున్నావని అనిపించుకుంది.

రేవుపేట వాళ్ళంటే నగరంలో చాలామందికి గిట్టదు. ఓడల్లో సరుకు దించడానికి ముత్తాతల కాలంలో వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. ఆడా మగా పొడుగాటి నీలం అంగీ వేసుకుంటారు. దాన్ని నడుము పక్కన నాడాలతో ముడేసి, మెడకు పసుపు అంచు గుడ్డ చుట్టుకుంటారు. అది ఎలా కుడతారో తెలుసుకోవడానికి కత్తెరక్క కూతుర్ని వెంటబెట్టుకుని ఆ పేటకు వెళ్ళింది. తాళ్ళకొట్టు పైన కాపురముండే ఒక పెద్దావిడ ఏమాత్రం విసుక్కోకుండా తన అంగీని తిరగేసి మరీ చూపించింది.

ఆ రేవుపేట పిల్ల వేషం కత్తెరక్క కూతురిదే. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని సమాజంలో ఆ పిల్లకు పిచ్చుక అని పేరు పెట్టారు. కొలతలప్పుడు, ఫోను పెట్టుకోవడానికి ఒక్క జేబైనా పెట్టమని తల్లిని బతిమాలింది. వాళ్ళ అంగీలకు జేబులుండవని తల్లి ససేమిరా అంది.

బట్టలన్నీ తయారయ్యాక డైరెక్టరు పెదవి విరిచాడు. కొట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టు ఫెళఫెళలాడుతున్నాయన్నాడు. అవి ఒంటికి పట్టాలంటే తొడుక్కుని ఊళ్ళో తిరిగి రమ్మన్నాడు. కత్తెరక్కకూ ఆ మాట నచ్చింది. తన కూతుర్ని చూసి రేవుపేట పిల్ల కాదని వీధిలో ఒక్కరు కూడా అనుమానపడకూడదు, అదే తన పనికి పరీక్ష అనుకుంది. పిచ్చుక మధ్యాహ్నం భోజనం కాగానే, ఫోను మేకప్ గదిలో వదిలేసి, నీలం అంగీలో బయటికి నడిచింది.

పొద్దు వాలుతుండగా లైట్ల మేస్త్రీ టీకని వెళ్ళినవాడు పరుగున వెనక్కి వచ్చాడు. మార్కెట్ దగ్గర రేవుపేట లారీ ఒక పసివాణ్ణి గుద్దిందట. బిడ్డ బతికాడో పోయాడో ఎవరికీ తెలీదు. కానీ జనం కర్రలు పట్టుకుని బయల్దేరారు, నీలం గుడ్డ కనిపిస్తే చాలు చితకబాదుతున్నారు అన్నాడు.

కత్తెరక్క అప్పుడు నోట్లో గుండుసూదులు పెట్టుకుని గడియారాల మెకానిక్కు కోటుకు అంచు మడుస్తోంది. కేక వేస్తే మింగేస్తానేమోనని ఒక్కొక్క సూదీ తీసి డబ్బాలో వేసింది. చివరి సూది పడ్డాక కోటు పక్కన పడేసి లేచింది. డైరెక్టరు పోలీసులకు ఫోను చేస్తూ ఆగమంటున్నా వినిపించుకోకుండా మెట్లు దిగేసింది.

వీధిలో షట్టర్లు ధడేల్ ధడేల్‌మని పడుతున్నాయి. తెరిచి ఉన్న కొట్లలో తొంగిచూసి పొడుగాటి నీలం అంగీ పిల్లను చూశారా అని అడగబోయి, నోరు నొక్కుకుంది. అలా అడిగితే ఆ పిల్ల మీదికి తనే ఉసిగొల్పినట్టవుతుంది. సొంత కూతురి గురించి నలుగురిని అడగలేకపోవడం ఎలాంటిదో ఆమెకు అంతవరకూ తెలీదు.

వంతెన మలుపులో రోడ్డు మీద నీలం గుడ్డ పడి ఉంది. చినిగిన అంగీ చెయ్యి, మణికట్టు దగ్గర తడి. కత్తెరక్క వంగి తీసి లోపలి కుట్టు తిరగేసి చూసింది. తన కుట్టు కాదు. హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం సిగ్గేసింది. ఇది ఎవరిదో ఒకరిది, ఆ చెయ్యి ఇప్పుడు ఎక్కడుందో.

ఇంతలో సందులోంచి కర్రలతో కొందరు వచ్చారు. ఆమె గుడ్డను భుజానున్న సంచిలో కుక్కింది. వాళ్ళలో ఒకడు, ఎవరింటి అల్లుడో అన్నంత మర్యాదగా, "అమ్మా, ఆ నీలం వాళ్ళెవరైనా ఇటు పోయారా?" అని అడిగాడు.

"లేదు బాబూ" అంది. చీకటి పడకముందే ఇంటికి వెళ్ళిపొమ్మని సలహా ఇచ్చి వాళ్ళు ముందుకు సాగారు.

ఆ దిక్కున పిచ్చుకకు తెలిసిన ఇల్లు ఒక్కటే. కత్తెరక్క గోడల పక్కనుంచి నక్కి నక్కి తాళ్ళకొట్టు చేరింది. మేడమీద తలుపు బిగించి ఉంది. తట్టింది. లోపల అలికిడి ఉన్నట్టుండి ఆగిపోయింది. తలుపు అవతల మనుషులు ఊపిరి బిగబట్టారని, తనను చూసి భయపడుతున్నారని ఆమెకు అర్థమైంది.

"అంగీ కుట్టు చూడ్డానికొచ్చిన దాన్నమ్మా. నా కూతురు కనబడటం లేదు" అంది, తలుపుకు నోరు ఆనించి.

తలుపు ఓరగా తెరుచుకుంది. లోపల పెద్దావిడ, కోడలు, ఇద్దరు మనవరాళ్ళు. ఎవరి ఒంటి మీదా నీలం లేదు. అందరూ ఊరందరిలాగే గౌన్లు, చొక్కాలు తొడుక్కుని ఉన్నారు. మూలన బూడిదరంగు గౌనులో మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్న పిల్ల ఎవరో తల్లి వెంటనే పోల్చుకోలేకపోయింది. పిచ్చుక నోట మాట లేదు. తల్లి మెడను రెండు చేతులా చుట్టేసుకుంది. జనం వెంటపడితే పరుగెత్తుకుని వచ్చిందని, రాగానే అంగీ విప్పించి ఆ గౌను తొడిగామని కోడలు చెప్పింది.

"ఇవన్నీ ఎక్కడివమ్మా?" అని అడిగింది కత్తెరక్క, ఆ గౌన్ల వంక చూస్తూ.

"ఇలాంటి రోజులకని కుట్టి దాచుకుంటాం" అంది పెద్దావిడ. "పిల్లలు ఎదుగుతారు కదా, ఏటా కొలతలు చూసి మళ్ళీ కుట్టాలి. నువ్వు నాటకానికి కుడతావు. మేమూ అంతే."

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు, అందుకే కత్తెరక్క ఇంకా తట్టుకోలేకపోయింది. పెద్దావిడ కొడుకు పొద్దున రేవుకు వెళ్ళినవాడు ఇంకా రాలేదట, నీలం అంగీలోనే వెళ్ళాడట. కత్తెరక్కకు సంచిలోది గుర్తొచ్చింది. చూపించాలా వద్దా అని తటపటాయించి చివరికి తీసి ఇచ్చింది. కోడలు గోడకు చేరగిలబడింది. పెద్దావిడ గుడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వేళ్ళతో అంచంతా తడిమింది.

"మావాడిది కాదు" అంది. ఆవిడ ముఖం ఒక్క క్షణం తేటపడింది. తర్వాత కత్తెరక్క కళ్ళలోకి చూసి తల దించేసుకుంది.

నీలం అంగీని అక్కడే వదిలి తల్లీకూతుళ్ళు పెద్ద రోడ్డు మీదుగానే ఇంటికి నడిచారు. కర్రల వాళ్ళు ఎదురయ్యారు, దారి ఇచ్చారు. ఒకడైతే పిచ్చుకతో, భద్రంగా వెళ్ళు చెల్లీ అన్నాడు. పిచ్చుక అమ్మ చేతిని గోళ్ళు దిగేలా పట్టుకుంది. తనను తరుముకొచ్చినవాళ్ళలో అతనూ ఉన్నాడని ఇంటికెళ్ళాక చెప్పింది.

పెద్దావిడ కొడుకు మర్నాడు చెయ్యి విరిగి ఇల్లు చేరాడు. లారీ కింద పడిన బిడ్డ ఆస్పత్రిలో కోలుకున్నాడు. రోడ్డు మీద దొరికిన ఆ అంగీ చెయ్యి ఎవరిదో మాత్రం తెలియలేదు.

ఊరు సద్దుమణిగాక నాటకం వేశారు. రేవుపేట పిల్లకు బట్టలు మార్చేద్దామా అని డైరెక్టరు నసిగాడు. కత్తెరక్క వెళ్ళి పెద్దావిడను అడిగింది. మార్చవద్దని ఆవిడ, ఆ రోజు వదిలేసిన అంగీ తెచ్చి చేతిలో పెట్టింది. పిచ్చుకా మార్చనంది. మొదటి ప్రదర్శనలో పిచ్చుక నీలం అంగీలో వేదిక మీదికి వచ్చింది. తెర పక్కన నిలబడి కత్తెరక్క నాటకం చూడలేదు, వరసల్లో కూర్చున్న ముఖాలే చూసింది. ఎవరు చప్పట్లు కొడుతున్నారు, ఎవరు చేతులు కట్టుకున్నారు, ఎవరు లేచి బయటికి పోతున్నారు.

తెర పడ్డాక పిచ్చుక చెమటలు కక్కుతూ వచ్చింది. దాని కళ్ళు మెరుస్తున్నాయి.

"అమ్మా, ఇవాళ్టికి ఇలాగే ఇంటికి పోదామా?" అంది.

కత్తెరక్క కూతుర్ని గదిలోకి లాక్కెళ్ళి తలుపు గడియ పెట్టి, నడుము పక్కన నాడాలు విప్పసాగింది. తను వేసిన ముళ్ళే, ఎంతకీ ఊడిరావడం లేదు.