అందరి నెత్తురు

మాణిక్యమ్మ ఒక మాట అన్నదంటే దానికి ఎదురు చెప్పే మొనగాడు ఆ చుట్టాల్లో ఇంకా పుట్టలేదు. అందుకే సూది పేరెత్తితే ఆమడ దూరం పరుగెత్తే మగవాళ్ళు కూడా పోయినేడు ఎల్లమ్మ పండుగకు వచ్చి, ఇబ్రహీంపట్నంలో ఆమె ఇంటి వాకిట్లో వరసగా కూర్చుని రక్తం ఇచ్చిపోయారు. పుట్టింటివాళ్ళు ఇచ్చారు, అత్తింటివాళ్ళు ఇచ్చారు. ఆమె తమ్ముడు కొండల్ అయితే కళ్ళు గట్టిగా మూసుకుని, ఎల్లమ్మ తల్లికి దండం పెట్టుకుంటూ ఇచ్చాడు. అదంతా దీక్షిత్ కోసం.

దీక్షిత్ మాణిక్యమ్మ కూతురి కొడుకు. తొమ్మిదేళ్ళు వచ్చినా నోట మాట లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కుక్కర్ కూత వినబడితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరతాడు. అమ్మమ్మ చేత్తో పెడితే తప్ప ముద్ద మింగడు. ఆటిజం అని పట్నం దవాఖానలో ఎప్పుడో చెప్పారు. వాడి తల్లి విషజ్వరంతో పోయింది. తండ్రి ఏడాది తిరక్కుండానే మారు పెళ్ళి చేసుకున్నాడు, మహానుభావుడు. అప్పటి నుంచి వాడూ, వాడి అక్క సాయిశ్రీ అమ్మమ్మ రెక్కల కిందే పెరిగారు. సాయిశ్రీని పరాయింటికి పంపడం ఇష్టంలేక మాణిక్యమ్మ తన కొడుకు సంజీవ కొడుక్కే చేసుకుంది. మేనరికం కాబట్టి పిల్ల ఇంట్లోనే ఉంటుంది, తమ్ముడికీ కళ్ళ ముందు ఉంటుంది అనుకుంది. ఇప్పుడు ఆ పిల్లకు నాలుగో నెల.

రక్తం తీసుకున్నది శ్రీసుధ అనే పరిశోధకురాలు. గోదావరి వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డవాళ్ళ అమ్మాయి. ఆటిజం వంశంలో ఎలా దిగివస్తుందో తేల్చడం ఆమె పని. మొన్న ఆమె ఫోన్ చేసి, "కారణం తెలిసిందండీ, ఆదివారం వచ్చి చెబుతాను," అనగానే మాణిక్యమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు. కారణం దొరికితే మందు దొరికినట్టే కదా! బోరు మోటారు ఎందుకు కాలిందో మెకానిక్ చెప్పిన పూటే నీళ్ళు రాకుండా ఉన్నాయా ఎప్పుడైనా? ఇక ఆగుతుందా, విందుకు యాటను కోయించింది, రక్తం ఇచ్చిన చుట్టాలందరినీ పిలిపించింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే అన్నారా!

ఆదివారం కారు దిగిన శ్రీసుధ వాకిట్లో షామియానా, దాని కింద జనం చూసి బిత్తరపోయింది.

"ఇది అందరి ముందూ చెప్పేది కాదు అమ్మమ్మగారూ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పాలి. మా నియమం అది," అంది మెల్లగా.

"ఏం నియమం బిడ్డా? యాటను కోస్తే పోగులు అందరికి సమానంగ వడ్తయా లేదా? నెత్తురు అందరిది. మాట గూడ అందరి ముంగట్నే పడాలె. చెప్పు," అంది మాణిక్యమ్మ.

ఆ అమ్మాయి రెండు మూడుసార్లు వద్దని చూసింది. వెనకనుంచి కొండల్, "దాపరికం ఏముంటది డాక్టరమ్మా, అందరం మనోళ్ళమే గద," అన్నాడు. చదువెంత ఉన్నా వయసు చిన్నది, అంతమంది పెద్దవాళ్ళ ముందు గట్టిగా నిలబడలేకపోయింది. చెప్పింది. ఈ వంశంలో ఒక జన్యువులో తేడా ఉందనీ, అది ఆడవాళ్ళ ద్వారా దిగుతోందనీ, వాళ్ళకు పైకి ఏమీ కనబడకపోయినా కొందరు పిల్లల్లో దీక్షిత్‌లా బయటపడుతుందనీ చెప్పింది.

"మంచిది. మరి మందు ఎప్పుడిస్తరు?" అడిగాడు కొండల్.

"మందు లేదండీ. ఇది మందుతో పోయే జబ్బు కాదు. ఆ బాబు పుట్టుకే అలాంటిది. ఆ మాట మొదటి రోజే చెప్పాను."

చెప్పే ఉంటుంది. వినే స్థితిలో ఎవరున్నారు గనక! మాణిక్యమ్మకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

"మందు లేకుంటే మా అందరి నెత్తురు దేనికి గుంజినవ్ బిడ్డా?"

"కారణం తెలుసుకోవడానికి. ఇక మీదట ఈ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే, బిడ్డకు ఇది ఉందో లేదో ముందే పరీక్షలో తెలుస్తుంది. ఉంటే ఏం చెయ్యాలన్నది ఆ తల్లి ఇష్టం."

అందరి తలలూ ఒక్కసారిగా సాయిశ్రీ వైపు తిరిగాయి. ఆ పిల్ల కొంగు లాక్కుని కడుపు కప్పుకుంది. శ్రీసుధకు ఆమె కడుపుతో ఉన్న సంగతి అప్పటిదాకా తెలియదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ జారిన మాటను ఎవరు ఏరగలరు?

"అంటే ఇసొంటోడు మళ్ళ పుట్టకుండ జేయొచ్చన్నట్టే గద! రేపే తోల్కపోదాం," అంది సంజీవ పెళ్ళాం సుగుణ. సాయిశ్రీకి మేనమామ భార్య, పైగా అత్తగారు. దీక్షిత్ అక్కడే అమ్మమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు.

"మంచి మాటే గదక్కా. పీడ పోతది," అన్నాడు కొండల్. పోయినేడు ఎల్లమ్మకు దండం పెట్టుకున్న కొండలే.

మాణిక్యమ్మ చుట్టూ చూసింది. తల ఊపనివాళ్ళు ఒక్కరైనా ఉంటారేమోనని చూసింది. కొడుకు సంజీవ తల దించుకున్నాడు గానీ కాదనలేదు. దీక్షిత్ కోసమని తను బతిమాలి, బెదిరించి ఇప్పించిన నెత్తురు, వీడిలాంటివాడు ఇంకొకడు రాకుండా చూడటానికి పనికొచ్చింది. పిలిచి మరీ తెచ్చుకుంది తనే.

"మా నెత్తురు మాకియ్యి. ఎవ్వలిది వాళ్ళకియ్యి," అని అరిచింది.

"నమూనాలు పారబోయమంటే పారబోస్తానండీ. తెలిసింది మాత్రం వెనక్కి తీసుకోలేను," అంది శ్రీసుధ.

"ఈడేం పాపం జేసిండే సుగుణా? ఎవ్వల సొమ్ము తిన్నడు? నా మనుమరాలు ఏ పరీక్షకు రాదు. నేను సచ్చినా తోలియ్య!"

"నేను పోత అమ్మమ్మా."

సాయిశ్రీ గొంతు. మాణిక్యమ్మ తను విన్నది నమ్మలేకపోయింది. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన పిల్ల అది. వాణ్ణి పిచ్చోడు అన్నందుకు బడిలో ఒకడి చెంప పగలగొట్టి వచ్చిన పిల్ల.

"నువ్వు గూడనా బిడ్డా?"

"ఉందని తేలితే ఏం జేస్తనో నాకెర్క లేదు. అత్తమ్మ జెప్పిందని పోతలేను," అంది సాయిశ్రీ ఏడుస్తూ. "నీకు డెబ్బై దాటినయ్. రేపు నువ్వు లేకపోతే తమ్మునికి ముద్ద వెట్టేది ఎవరు? నేనే గద. వాణ్ణి నేను ఇడ్శిపెట్ట. ఇంకొకల్లు గిట్లనే పుడితే ఇద్దరిని నేనొక్కదాన్ని ఎట్ల సాదుత? చెప్పు అమ్మమ్మా, ఎట్ల సాదుత?"

మాణిక్యమ్మ శ్రీసుధ ముందుకు వెళ్ళి, జాకెట్టు చెయ్యి పైకి లాగి, ముడతలు పడ్డ చేతిని చాచింది.

"మందు లేదంటివి. మంచిది. నేను వోయినంక వీడు ఎట్ల బతకాలె, వీణ్ణి ఎవ్వలు జూడాలె, గది కనిపెట్టేటోళ్ళు మీ కాడ ఎవరన్న ఉన్నరా బిడ్డా? దానికి నెత్తురు కావాల్నంటే ఎంత గావాల్నో గుంజుకో. ఉన్నరా?"

శ్రీసుధ ఆ చేతి వంక చూసింది. తన ఆఫీసులో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ తలుచుకుంది.

"లేరండీ," అంది. "ఆ పని మా దగ్గర ఎవరూ చెయ్యట్లేదు."

మాణిక్యమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.