మూడు దినాల ప్యాంటు

“నువ్వు ఇంట్లోనే కదా ఉండేది, నువ్వు తొడుక్కో” అన్నాడు హరినాథ్, జీన్సు ప్యాంటును మంచం మీదికి విసిరేసి. విసిరితే అది బట్టలాగా పరుచుకోలేదు. నడుము దగ్గర విరిగి, కాళ్ళు చాపుకుని, ఎవరో చుట్టమొచ్చి కూర్చున్నట్టు కూర్చుంది. తువ్వాలు మడత పెడుతున్న సుధారాణి చేతులు అట్లాగే ఆగిపోయాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడు ఆమెకు చాలా పనులు చెప్పాడు గానీ, తన ప్యాంటు తొడుక్కోమని చెప్పడం ఇదే మొదలు.

ఆ ప్యాంటు సంగతి చెప్పాలి. హరినాథ్‌కు మదనపల్లెలో బెంగళూరు రోడ్డు మీద రెడీమేడ్ బట్టల షాపుంది. సరుక్కోసం బెంగళూరు పోయినప్పుడు అక్కడొక పెద్ద వ్యాపారి అతని చెవిలో ఊదాడు. ఇది పాతకాలపు మోడల్, మగ్గం మీద నుంచి దిగిన గుడ్డను దిగినట్టే కుట్టింది, ఒక్క నీళ్ళచుక్క తగల్లేదు, ఉతక్కుండా తొడుక్కుంటూ పోతే తొడుక్కున్న మనిషి ఒంటికి తగ్గట్టు మెత్తబడుతుంది, ముడత పడిన చోటల్లా తెల్లబడుతుంది, అట్లాంటి ప్యాంటు లోకంలో ఇంకొకరికి ఉండదు, ఇక మీదట ఫ్యాషనంతా ఇదే అని. మనవాడు ఫ్యాషనంటే చెవి కోసుకుంటాడు. మర్నాడే తొడుక్కుని షాపుకు పోయాడు. సాయంత్రానికి కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, అమ్మా అబ్బా అని ఇల్లు చేరాడు. తొడలు ఒరుసుకుపోయి కందిపోయాయి, కందిన చోట నీలిరంగు అంటుకుంది. కొబ్బరినూనె రాసింది సుధారాణే. ఆమె రాస్తుండగానే అతనికి ఈ ఆలోచన వచ్చింది.

“మెత్తగా చేసియ్. మెత్తబడినాక నేను తొడుక్కుంటా” అన్నాడు, రోట్లో పచ్చడి నూరిపెట్టమన్నంత తేలిగ్గా. కొలతల బాధ కూడా లేదు. పెళ్ళిచూపుల్లో అత్తగారు శాంతకుమారి, “పిల్ల మావోడంత పొడుగుండాది, పక్కన నిలబెడితే ఏం బాగుంటాది” అని అందరి ముందూ మూతి విరిచింది. ఆ పొడుగు ఇన్నాళ్ళకు ఇంటికి పనికొచ్చింది.

అయితే శాంతకుమారి ఊరుకుంటుందా? ఆ ఇంట్లో తెల్లారి తలుపు తీసింది మొదలు అంతా మడి. తడిపి ఆరేసిన చీర కట్టుకోనిదే కోడలు పొయ్యి ముట్టుకోకూడదు. “ఉతకని గుడ్డ తొడుక్కొని నా పొయ్యి కాడికి వస్తాదా? దేవుని గూడు కాడ తిరుగుతాదా? నేను సచ్చినాక సేసుకోండి ఆ సోద్యాలు” అని కేకలేసింది. “యాపారం కోసమమ్మా” అని కొడుకు గొణిగాడు. వ్యాపారం అనేసరికి ఆమె కాసేపు ఆలోచించి తనే దారి చూపించింది. “బయట సేరినప్పుడు తొడుక్కోనీలే. ఆ మూడు దినాలు ఎట్లాగూ మైలే. మైల మీద మైల, ఏం గాదు.”

నెలలో ఆ మూడు రోజులు సుధారాణి ఉండేది పెరటి వసారాలో. ఒక చాప, ఒక చెంబు, ఒక కంచం. వంట చెయ్యకూడదు, దేవుణ్ణి చూడకూడదు, మంచినీళ్ళ బిందె ముట్టకూడదు. దొడ్డి మాత్రం కడగచ్చు, కట్టెలు కొట్టచ్చు, స్నానాల గది నాచు గీకచ్చు. కుట్టుమిషనుండేది కూడా ఆ వసారాలోనే గనక షాపులో అమ్ముడైన ప్యాంట్లన్నిటికీ కాళ్ళు కత్తిరించి, మడిచి కుట్టచ్చు. పుట్టెడు ప్యాంట్లు కుట్టినా దానికి కూలి అనేది ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, సుధారాణితో సహా. ఆమె చేతి మీదుగా పోయిన ఆ ప్యాంట్లు మైల కావా అంటే, “యాపారం సరుక్కు మైలుండదు” అని శాంతకుమారి ఎప్పుడో తీర్పు చెప్పేసింది.

మొదటిసారి స్నానాల గదిలో గడియ పెట్టుకుని తొడుక్కుంది. సిగ్గుతో చచ్చిపోయింది. బొత్తాం పట్టడానికి గోళ్ళు నొప్పి పుట్టాయి. కూర్చుందామంటే మోకాలు వంగదు, అట్ట కట్టుకున్నట్టుంది. ఎట్లాగో మిషను ముందు కూలబడి తొక్కింది. సాయంత్రానికి ఆమె తొడలు కూడా ఒరుసుకుపోయాయి. ఆమె తొడల సంగతి ఎవరు అడుగుతారు? కొబ్బరినూనె తనే రాసుకుని, మళ్ళీ తొడుక్కుని, కట్టెలు కొట్టింది.

తర్వాతి నెల మోకాలు కొంచెం వంగింది. ఆ తర్వాతి నెల ఆమె జేబులో చెయ్యి పెట్టింది. అంతే, అక్కడ పట్టుకుంది పిచ్చి. జేబంటే ఏమిటో అప్పటిదాకా ఆమెకు తెలియదు. చీరకు జేబుండదు, జాకెట్లో దోపుకున్న చిల్లర అత్తగారికి కనిపిస్తుంది, బొడ్లో దోపుకున్నది మొగుడికి తగుల్తుంది. ఇది మాత్రం చెయ్యి పడితే లోపలికి పోయి, తొడ పక్కన వెచ్చగా దాక్కునే చోటు. దారం కత్తిరించే చిన్న కత్తెర ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పారేసుకుని, “దాని గ్యానం యాడుంటాదో” అని తిట్లు తినేది. ఇప్పుడు కత్తెర జేబులో పెట్టుకుంది, ఇంక పోలేదు. గుర్తులు పెట్టే సుద్దముక్క చేతికి అంటితే కుడితొడకు తుడుచుకుంది, ఎవరూ ఏమీ అనలేదు. దండేనికి ఆరేసిన దుప్పట్ల వెనకాల ఆ కొస నుంచి ఈ కొసకు బారలు వేసుకుంటూ నడిచి చూసింది. కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడకుండా నడిస్తే పెరడు ఇంత చిన్నదా అనిపించింది. కాళ్ళు ఎడంగా పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఆ మూడు రోజులు ఎవరూ కాఫీ అడగరు, ఎవరూ దగ్గరికి రారు, మొగుడు కూడా చెయ్యి వెయ్యడు. పుంగనూరులో అమ్మ సుశీలమ్మ ఈ మూడు రోజుల గురించి చెప్పేటప్పుడు, “తప్పదు తల్లీ, అనుభవించాల్సిందే” అని కళ్ళు తుడుచుకునేది. అమ్మకు ప్యాంటు లేదు పాపం. పప్పుకు తిరగమాత పెడుతూ ఇంకెన్నాళ్ళకు బయట చేరతానా అని ఎదురుచూసే ఆడది మదనపల్లె మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను అనుకుని సుధారాణి తనలో తనే నవ్వుకునేది.

పక్కింట్లో అద్దెకుండే సోఫియా మిషనాసుపత్రిలో నర్సు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి గోడ మీదుగా చూసి, “అక్కా, ఒకసారి తిరగండి” అంది. సిగ్గుపడుతూ తిరిగింది. “మోకాళ్ళ కాడ సూడండి, నాచు గీకి గీకి ఎట్ల తెల్లబడిందో. జేబు మీద మీ కత్తెర అచ్చు పడిండాది. ఈ ప్యాంటును నేను యాడ జూసినా మీదే అని చెప్తాను.” ఆ మాట విని సుధారాణికి కళ్ళల్లో నీళ్ళొచ్చినంత పనైంది. ఈ ఇంట్లో ఆమె తోమిన గిన్నె మళ్ళీ మాసింది, కడిగిన దొడ్డి మళ్ళీ నాచు పట్టింది, కుట్టిన ప్యాంట్లు ఎవరి కాళ్ళకో ఎక్కి పోయాయి. చేసిన పని చేసినట్టు నిలిచింది ఈ గుడ్డ మీదే. ఆ రోజు నుంచి ఆమెకు ఒకే ఒక్క కోరిక పట్టుకుంది. ఈ ప్యాంటు తన దగ్గరే ఉండిపోవాలి. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఇది తొడుక్కుని బస్సెక్కి పుంగనూరు పోవాలి, అమ్మ తలుపు తీసి ఎవరో అనుకోవాలి.

దసరా దగ్గర పడింది. నాలుగోరోజు తలంటుకుని ఇంట్లోకి పోబోతూ ప్యాంటును వసారా మేకుకు తగిలిస్తుంటే హరినాథ్ వచ్చి అందుకున్నాడు. అక్కడే తొడుక్కున్నాడు. రెండడుగులు వేసి, కూర్చుని, లేచి, “అబ్బబ్బా! మీగడ మాదిరుండాది. బెంగళూరు ఆయప్ప సెప్పింది నిజమేనే” అని తొడ చరుచుకున్నాడు.

“అది నాకుంచండి” అంది సుధారాణి. కాపురానికి వచ్చాక ఆమె నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి. అతనికి అర్థం కాలేదు. “ఏది?” అన్నాడు. “ప్యాంటు. మీరు ఇంకొకటి తెచ్చుకోండి. ఇది నాది.”

హరినాథ్ పగలబడి నవ్వాడు. “అమ్మా, ఇన్నావా! నీ కోడలికి ప్యాంటు కావాలంట” అని లోపలికి కేకేశాడు. తర్వాత నవ్వు ఆపుకుని, ప్రేమగానే అడిగాడు. “నీకెందుకే? యాడికి పోతావు తొడుక్కొని?” పుంగనూరు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఉండిపోయింది. నిజమే, ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోనిదానికి ప్యాంటెందుకు? పోనివ్వనిదెవరు అని అడగాలని ఆమెకు మర్నాడు పొయ్యి ముందు తోచింది, అప్పుడు అక్కడ ఎవరూ లేరు.

ఆయుధపూజ రోజు, నెల నిండకుండానే, సుధారాణి మళ్ళీ బయట చేరింది. షాపులో పూజ. ఆమె పోకూడదు. ప్యాంటు పోయింది. తెల్ల చొక్కా కింద దాన్ని తొడుక్కుని హరినాథ్ స్కూటరెక్కితే ఆమె వసారా సందులో నుంచి చూసింది. మోకాళ్ళ మీది తెల్లదనం, తొడ మీది సుద్ద చార, జేబు మీద కత్తెర అచ్చు, అన్నీ అతనితో పాటు గేటు దాటి పోయాయి.

సాయంత్రం శాంతకుమారి సంబరంగా తిరిగొచ్చింది. వసారా గడప అవతలే నిలబడి, కోడలి దోసిట్లోకి పైనుంచి ప్రసాదం జారవిడిచింది, చెయ్యి తగలకుండా. “ఏం జనమనుకున్నావు! అందరూ ఆ ప్యాంటే సూసేది. మాకూ అట్లాంటిదే కావాలని ఎగబడినారు. జేబు మీద ఈ అచ్చేందప్పా అని ఒకాయన అడిగితే బండి తాళాలన్నాడు మనోడు. నా దిష్టే తగిలేట్లుండాదని గుమ్మడికాయ కొట్టించి, ఆ జేబులో దేవుని దగ్గరి నిమ్మకాయ పెట్టినా.”

సుధారాణి దోసిట్లోని ప్రసాదం కేసి చూసింది. “అత్తమ్మా,” అంది మెల్లగా, “అది నా ముట్టు బట్ట. మీరే కదా మైల మీద మైల అన్నారు. ఇప్పుడు అది దేవుడి దగ్గరికి ఎట్లా పోయింది? ఉతకను కూడా లేదే.”

శాంతకుమారి కోపగించుకోలేదు. తెలియని పిల్లకు చెప్పినట్టు చెప్పింది. “పిచ్చిదానా, మొగోడు తొడిగినాక దానికి మైలేముందే? మైల గుడ్డకు కాదు.”

గుడ్డకు కాదు. సుధారాణి దోసిలి అట్లాగే పట్టుకుని కూర్చుంది. గుడ్డకు కాకపోతే ఇంకెవరికో అత్తగారు చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేదు. ఒకే గుడ్డ, ఒకే నీలిరంగు, ఒకే చెమట. అది గడప దాటి దేవుడి దాకా పోగలదు. దాన్ని అట్లా పోయేట్టు చేసిన ఒళ్ళు మాత్రం చాప మీదే ఉండాలి. చిన్నప్పటి నుంచీ ఆ మూడు రోజులు తనకు ఏదో అంటుకుంటుంది, నాలుగోరోజు నీళ్ళు పోసుకుంటే పోతుంది అనుకునేది. అంటుకునేది ఏమీ లేదని, ఎన్ని నీళ్ళు పోసుకున్నా పోయేది కూడా ఏమీ లేదని ఆ సాయంత్రం తెలిసింది.

దసరా కాగానే బెంగళూరు నుంచి మూట దిగింది. అన్నీ అట్టముక్కల్లాంటి కొత్త ప్యాంట్లే. కుప్పంలో ఇంకో షాపు తెరుస్తున్నాడు హరినాథ్, అక్కడ ముందు వరుసలో తగిలించడానికి మెత్తబడిన ప్యాంట్లు కావాలి. “నెలకు మూడు దినాలంటే ఎప్పటికి అయ్యేదమ్మా?” అని అతను తల పట్టుకుంటే, శాంతకుమారి ఈసారి ఆలోచించను కూడా లేదు. “కాలం మారిపోయిండాది. ఇంట్లోనే తొడుక్కోనీ, పొయ్యి కాడైనా ఏం గాదు. బయట సేరినా ఇంక ఆ వసారాలో పడుండేదెందుకు? వంట సేసుకుంటా తొడుక్కోనీ” అనేసింది. ఇన్నేళ్ళ మడి ఒక్క మాటతో గాలికి పోయింది. చాప, చెంబు, కంచం అటకెక్కాయి. దండెం వెనకాల నడిచే మూడు రోజులు, కాఫీ అడగని మూడు రోజులు, చెయ్యి వెయ్యని మూడు రోజులు, అన్నీ వాటితో పాటే అటకెక్కాయి.

గోడవతల సోఫియా సంగతి విని మురిసిపోయింది. “మీ అత్తమ్మ ఎంత మారిపోయినారక్కా! మీరు అదృష్టవంతులు” అంది. సుధారాణి తల ఊపింది. ఏం చెప్పాలి? వసారాలో పడేసినప్పుడు బాగుండిందని చెబితే ఎవరైనా నవ్విపోతారు.

మర్నాడు మూటలోంచి ఒక ప్యాంటు తీసింది. తొడుక్కోకముందే మిషను ముందు కూర్చుని, లావు దారం ఎక్కించి, జేబుల మూతులన్నీ టకటకా కుట్టేసింది. కత్తెరను తీసుకుపోయి మిషను సొరుగులో వేసింది. తర్వాత ప్యాంటు తొడుక్కుని, వంటింట్లోకి పోయి, పీట వేసుకుని బియ్యం ఏరడానికి కూర్చుంది. మోకాలు వంగనన్నా వంచింది.

కాఫీ కోసం వచ్చిన హరినాథ్ చూసి బిత్తరపోయాడు. “జేబులు యాల కుట్టేసినావే?”

“కుప్పం పోయినాక విప్పించుకోండి” అంది సుధారాణి, చాటలోంచి తలెత్తకుండా. “నాకెందుకు, పెట్టుకునేదానికి నా దగ్గర ఏముండాది?”