ఎనామిల్ ఆరేలోగా

మా నాన్న బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని ఉసురు తీశాక కూడా కుంచె వదల్లేదు. ఎవరైనా పిల్లల చదువుల సంగతి ఎత్తితే, ఆ చదువు బోర్డు మీద ఎలా ఉంటుందా అని చూసేవాడు ముందు.

"లాయరంటే బల్లపరుపుగా ఉంటుంది. అదే డాక్టరనుకో, క కింద టవత్తు పడుతుంది చూడు, దాంతో బోర్డుకే బరువొస్తుంది" అనేవాడు.

నా ఎనిమిదో ఏటి నుంచి నేను ఆ టవత్తు కిందే పెరిగాను. వీధివీధంతా నన్ను డాక్టరమ్మా అనే పిలిచేది. జలుబు చేసి నేను చీదుతుంటే, "డాక్టరుకే జలుబైతే మా గతేంటమ్మా" అని ఎదురుగా ఉండే సైకిల్ షాపు బాబాయి ఎగతాళి చేసేవాడు.

మెడికల్ ఎంట్రన్స్ మొదటిసారి పోయింది. ఏడాదిపాటు ఇంట్లోనే కూర్చుని మళ్ళీ రాశాను. సోమవారం పొద్దున ఫోన్‌లో ర్యాంకు చూసుకున్నాను. అది ఫోన్ నంబరంత పొడుగుంది.

బయట నాన్న రంగు కలుపుతున్నాడు. "వచ్చాయా తల్లీ?" అన్నాడు, డబ్బాలోంచి తల ఎత్తకుండానే.

"ఇంకా ఇవ్వలేదు నాన్నా. వారం పైనే పడుతుందట."

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆయన చేతిలో పుల్ల తిరగడం ఆగిపోయింది. అది చూడలేక, "పేపర్ బాగానే రాశాగా, సీటు వచ్చేట్టే ఉందిలే" అన్నాను. మొదటి అబద్ధం భయానికి ఆడాను. ఎవరూ అడక్కపోయినా ఆడిన ఈ రెండోదే ఇప్పటికీ నన్ను తినేస్తుంది.

ఆ సాయంత్రమే నాన్న అటక మీంచి మంచి రేకు ఒకటి దించాడు. తుప్పు గీకాడు, చెక్క ఫ్రేము బిగించాడు. తెల్ల రంగు ఒక పూత వేసి ఆరబెట్టాడు, మళ్ళీ ఇంకో పూత. బట్టల షాపు పని నుంచి వచ్చిన అమ్మ, "సీటు రానివ్వవయ్యా ముందు" అంటే, "వచ్చేట్టే ఉందంది కదా" అన్నాడు. నేను అన్నం కంచంలో ముఖం పెట్టుకుని కూర్చున్నాను.

డిగ్రీకి దరఖాస్తు పెట్టడానికి పై వారం శుక్రవారం సాయంత్రం ఐదు వరకే గడువు. ఇంటర్నెట్ సెంటర్ అన్న ఒక్కడికే నా ర్యాంకు తెలుసు, ర్యాంకు కాగితం ప్రింటు తీసిచ్చింది అతనే. "ఫిజియోథెరపీ పెట్టుకో చెల్లీ. పేరు ముందు డాక్టర్ అని తగిలించుకోవచ్చంటారు. మీ నాన్న బోర్డు వేస్టవదు" అన్నాడు. వేళాకోళంగా అన్నాడో మంచికే అన్నాడో గానీ నాకది ఒడ్డులా కనిపించింది. కోర్సుల జాబితాలో మూడో పేజీ అడుగున భూగర్భ శాస్త్రం ఉంది. మా వీధిలో నీళ్ళ పైపుల కోసం గోతులు తవ్వినప్పుడు నేను అన్నం మానేసి మరీ ఆ మట్టి పొరలు చూసేదాన్ని. మంచం కింద నా బిస్కెట్ల డబ్బా నిండా రాళ్ళే. అయినా ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ దొంగతనం చేస్తున్నట్టు మూసేసేదాన్ని.

పై వారం బుధవారం నాన్న అక్షరాలు వేశాడు. నీలి ఎనామిల్ రంగులో డాక్టర్, పక్కన నా పేరు, కింద డిగ్రీల కోసం వదిలిన ఖాళీ. దాని కింద ఎర్ర బాణం. బాణం లేకుండా ఏ బోర్డూ ఇచ్చేవాడు కాదు నాన్న. దారి చూపకపోతే అది బోర్డెలా అవుతుందని ఆయన వాదన. ఎండ బాగా తగలాలని దాన్ని వీధి వైపు తిప్పి గోడకానించాడు. బాణం సరిగ్గా మా గుమ్మం వైపు చూస్తోంది.

శుక్రవారం మధ్యాహ్నం నేను లోపల ఫోన్‌లో ఫారం నింపుతున్నాను. ఫిజియోథెరపీ దగ్గర టిక్కు కూడా పెట్టేశాను. బయటనుంచి నాన్న పిలిచాడు.

"డాక్టరమ్మా, ఒకసారి రా తల్లీ!"

గుమ్మంలో ఒక తాపీ మేస్త్రి, చేతులకింకా సిమెంటు ఉంది. పక్కనే రంగు డబ్బా మీద అతని తల్లిని కూర్చోబెట్టాడు. ముసలామె భుజాలెగరేస్తూ ఊపిరి తీస్తోంది.

"బాణం చూసుకుని వచ్చామమ్మగారూ. పొద్దున్నుంచీ ఇంతే" అన్నాడు మేస్త్రి.

నాన్న నా చెవిలో, "సగం డాక్టరువే కదే. కాస్త చూడు" అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. సైకిల్ షాపు బాబాయి గాలి కొట్టడం ఆపి చూస్తున్నాడు.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. వెళ్ళి ఆ ముసలామె చెయ్యి పట్టుకున్నాను. "ఎప్పట్నుంచి?" అన్నాను, చాలా తెలిసినదానిలా. చేతి గడియారం చూశాను. ఏం లెక్కపెట్టాలో, ఎంత ఉండాలో నాకు తెలియదు. ఒక నిమిషం గడిచింది, ఇంకో నిమిషం కూడా. ఆమె నా ముఖంలోకి చూసి, "నీ చెయ్యి పడింది, ఇంక తగ్గుతుందిలే తల్లీ" అంది. ఆమె పెదాలు నల్లబడుతున్నాయి.

ఆమె చెయ్యి వదిలేశాను.

"నేను డాక్టర్ని కాను. ఈమెని ఆస్పత్రికి తీసుకెళ్ళండి, వెంటనే. బాబాయ్, ఆటో పిలువు!"

"అదేంటమ్మా, సీటు వస్తుందన్నావుగా..." అన్నాడు నాన్న.

"రాదు నాన్నా. సీటు రాలేదు. పదకొండు రోజులైంది తెలిసి."

బాబాయి అప్పటికే రోడ్డు మీదికి పరుగెత్తాడు. తల్లిని ఆటోలోకి ఎత్తుతూ మేస్త్రి ఒక్కసారి వెనక్కి చూశాడు. "బోర్డెందుకు పెట్టారయ్యా మరి?" అన్నాడు. తిట్టినా బావుండేది.

బాబాయిని కూడా ఎక్కించుకుని ఆటో వెళ్ళిపోయింది. నాన్న కిరసనాయిల్లో గుడ్డ ముంచి డాక్టర్ అన్న మాట మీద రుద్దాడు. గట్టిగా రుద్దాడు. గుడ్డకు రంగంటలేదు.

"మొన్న చెప్పుంటే ఒక్క తుడుపుతో పోయేది" అన్నాడు. "ఎనామిల్ పట్టేసింది."

ఆయన బోర్డు లోపలికి తెచ్చి, ముఖం గోడవైపు తిప్పి పెట్టాడు. చాలాసేపు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నువ్వు సీటు వస్తుందనకపోయినా నేను రాసేవాణ్ణేమోలే" అన్నాడు చివరికి. "మరి ఏం చదువుతావు?"

ఫోన్‌లో ఫిజియోథెరపీ టిక్కు అలాగే ఉంది. ఆ మాట అంటే చాలు, ఆయన బోర్డు మళ్ళీ ఇటు తిప్పుతాడు. నా వేళ్ళకింకా ఆ ముసలామె చేతి చెమట అంటినట్టే ఉంది.

"భూగర్భ శాస్త్రం నాన్నా. రాళ్ళూ, మట్టీ."

ఆయన గాలిలో వేలితో రాసి చూసుకున్నాడు. "బాణం మాత్రం పెట్టకూడదు. గర్భం అన్న మాట చూసి కాన్పులకొస్తారు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయనకూ రాలేదు.

ఫీజు కట్టి ఫారం పంపడానికి నాలుగున్నరకు ఇంటర్నెట్ సెంటర్‌కి బయల్దేరాం. నాన్న నాతో రావడం అదే మొదటిసారి. బాబాయి ఎదురొచ్చి, ముసలామెకు ఆక్సిజన్ పెట్టారని, ఊపిరి కుదుటపడిందని చెప్పాడు. నా వైపు చూడలేదు. అతను మర్యాదకే చూడలేదు గానీ, నాకది చెంపదెబ్బలా తగిలింది.

టీ కొట్టు దగ్గర ఎవరో కేకేశారు. "ఏం డాక్టరమ్మా, నాన్నని వెంటేసుకుని ఎక్కడికి?"

"డాక్టర్ కాదు" అన్నాడు నాన్న. తల వంచుకుని, నడక ఆపకుండానే అన్నాడు.

మందుల షాపాయన అరుగు మీద నిలబడున్నాడు. "డాక్టరమ్మా, సీటు ఎక్కడొచ్చింది?"

నాన్న మళ్ళీ నోరు తెరవబోయాడు. రెండోసారి ఆయన చేత అనిపించడం నా వల్ల కాలేదు.

"సీటు రాలేదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రాళ్ళ చదువుకి వెళ్తున్నా."

ఆయన "ఓహో" అన్నాడు. వెనకాల ఇంకెవరో కూడా ఓహో అన్నారు. గడువుకి ఇరవై నిమిషాలుంది. మేం అడుగు వేగం పెంచాం.