చేదు గోడ

గోడకు గడ్డం మొలిచిన సంగతి ముందుగా కనిపెట్టింది అత్తగారే. ముందుగదిలో కిటికీ కింద, నేలకు మూరెడు ఎత్తున, తెల్లటి నూగు. ముట్టుకుంటే రాలిపోతుంది, తెల్లారేసరికి మళ్లీ మొలుస్తుంది. దాని చుట్టూ రంగు బొబ్బలెక్కి, పెచ్చులు పెచ్చులుగా ఊడి, వెనకున్న సిమెంటును కూడా వెంటబెట్టుకుని నేలమీద పడుతోంది. ఆ రంగు వేసింది పెయింటరు పని చేసే అల్లుడు. పిల్లనిచ్చిన నాటి నుంచీ అతనిలో ఒక్క తప్పూ దొరక్క అవస్థ పడుతున్న ఆవిడకు ఇన్నాళ్లకు గోడంత తప్పు దొరికింది.

రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఆ గోడ తుడవడం, కూతురికి ఫోను చేసి “మీ ఆయన హస్తవాసి ఇవాళ ఇంకో జానెడు రాలింది” అని చెప్పడం ఆవిడకు కాఫీకన్నా ముఖ్యమైపోయింది.

ఆదివారం అల్లుడు గీకుడు రేకూ, ఉప్పుకాగితమూ పట్టుకుని దిగాడు. వెనకే కూతురు.

“రండి అల్లుడుగారూ, మీ కళాఖండం మీకోసమే కాచుకుని ఉంది.”

అతను నేలమీద చతికిలబడి గోడను వేలితో నొక్కి చూశాడు. “గోడకి ఉప్పు పట్టిందత్తయ్యా. చెమ్మలో కరిగి పైకొస్తోంది. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మాత్రం సిమెంటు సందుల్లో గడ్డకట్టి ఉబ్బుతుంది. పాపం గోడ ఎంతని ఓర్చుకుంటుంది? పగిలి ఊరుకుంటుంది.”

“ఆ ఉప్పు ఎక్కణ్నుంచొచ్చిందో?”

“అదే అంతుపట్టడం లేదు.”

“నాకు పట్టింది. మీరు రంగుకి ముందు లప్పం పెట్టారే, అందులో ఏ సముద్రపు ఇసుకో కలిసుంటుంది.”

“లప్పంలో ఇసుకెందుకుంటుందత్తయ్యా?”

“అదీ తేలుస్తా. పాతికేళ్లు ఆసుపత్రి క్యాంటీన్లో గరిటె తిప్పినదాన్ని. ఉప్పు సంగతి నా నాలుక్కి తెలీదా?”

“అమ్మా! గోడ నాకుతావా?” అని అరిచింది కూతురు.

“నాకడం కాదే, రుచి చూడటం. తేడా ఉంది.”

ఆవిడ తెల్లనూగును వేలికి అద్దుకుని, న్యాయమూర్తిలా కళ్లు మూసుకుని, నాలుకకు రాసుకుంది.

ఉప్పన కాదు. చేదు. నోరంతా చల్లబరిచే వింత చేదు. ఎక్కడో ఎరిగున్న చేదు. ఎక్కడబ్బా అని ఒక్క క్షణం తడుముకుని, వెంటనే కళ్లు తెరిచింది. కాళ్లనొప్పులకు వేడినీళ్లలో వేసుకొమ్మని, మందుల షాపులో పనిచేసే కూతురు తెచ్చిచ్చిన పొట్లం! ఇంటికొచ్చిన ఏ వస్తువునైనా రుచి చూసే అలవాటున్న ఆవిడ దాన్నీ చూసింది. గులాబీలకు మంచిదని ఎవరో అనగానే కాళ్ల సంగతి పక్కనపెట్టి, చిటికెడు చాలన్నచోట గుప్పెడు కలిపి, బయట కుండీలకు దిమ్మరిస్తోంది. ఆ కుండీలున్నది సరిగ్గా ఈ కిటికీ కిందే, గోడకు ఆనించి.

“ఏమైందత్తయ్యా? ఉప్పేనా?”

“ఉప్పు… లాంటిదే” అని ఆవిడ గబగబా బయటికి నడిచింది.

కాసేపటికి బయటినుంచి బరబరా చప్పుడు. అల్లుడు వెళ్లి చూస్తే ఆవిడ కొంగు దోపి కుండీ ఈడుస్తోంది.

“ఇప్పుడు కుండీలతో పనేంటి?”

“ఎండ చాలట్లేదు వీటికి.”

“మిట్టమధ్యాహ్నం మొహాన కొడుతోందిగా!”

ఆవిడ ఇంకో కుండీ అందుకుంది. కుండీ జరిగినచోట గోడ నల్లగా తడిసి ఉంది. తడి అంచున తెల్లటి గీత. అల్లుడు దాన్ని వేలితో తీసి, అత్తగారిని చూసి నేర్చుకున్నట్టుగా నాలుకకు రాసుకుని, మొహం వికారంగా పెట్టాడు. కూతురు వచ్చి ఇద్దరి మొహాలూ, కుండీ పక్కన పొట్లమూ చూసింది.

“మెగ్నీషియం సల్ఫేటు! కాళ్లకని చేదుప్పు ఇస్తే మొక్కలకి పోశావా? మరి నొప్పులు తగ్గాయన్నావు?”

“మొక్కల మధ్య తిరిగితే తగ్గాయే!”

ఆవిడ తల దించుకోలేదు గానీ, కుండీ అంచును గట్టిగా పట్టుకుంది. ఇక అల్లుడి వంతు. ఇన్నాళ్ల మాటలకూ వడ్డీతో సహా తీర్చుకుంటాడనుకుంది. అతను బుర్ర గోక్కున్నాడు.

“నాదీ తప్పుందత్తయ్యా. చెమ్మ గోడకి ఆ నున్నటి రంగు వెయ్యకూడదు. తడిని బయటికి రానివ్వదది. ఉప్పు దానికిందే పేరుకుని పొరని తోసేసింది.”

“మరి నేను తడిగుడ్డతో తుడిచింది?”

“పైకొచ్చిన ఉప్పుని కరిగించి మళ్లీ గోడకే తాగించారు.”

“అంటే ఇద్దరం కలిసే దాని ఉసురు తీశామన్నమాట. సగం, సగం.”

“సగమా?”

“సర్లే నాయనా, నావైపు కాస్త మొగ్గు.”

ఇన్నేళ్లలో ఆవిడ అతన్ని ‘నాయనా’ అనడం అదే మొదలు. కూతురు నవ్వాపుకోలేక లోపలికి పారిపోయింది.

కుండీలు మేడమీదికెక్కాయి. అల్లుడు పాత రంగంతా గీకేసి, గోడను వట్టిగా వదిలేశాడు. ఎండాకాలమంతా పొడిబురుసుతో ఉప్పు దులపడమూ, గోడను ఆరనివ్వడమూ తప్ప వేరే పని పెట్టుకోలేదు. దులపడం ఆవిడే తీసుకుంది. వచ్చినవాళ్లు “ఇదేంటి, గోడ ఇలా ఉంది?” అంటే “గాలి పీల్చుకుంటోంది, కదిలించకండి” అని కసిరేది.

నూగు రావడం ఆగాక సున్నం వేశారు. పైభాగం అల్లుడు, కింది మూరెడూ పీట వేసుకుని అత్తగారు. సాయంత్రం కూతురు వచ్చి, కింద వంకరటింకరగా ఉన్న పట్టీ చూసి, “ఇదెవరు వేశారు?” అంది.

“మేమే” అన్నాడు అల్లుడు, కుంచె కడుగుతూ.

అత్తగారు సున్నం చేతుల్తోనే అతనికి టీ పెట్టడానికి లేచింది.